నిరుపయోగమని తోచినది

పాత యింటిని బాగుచేయించు గృహస్థునకు ఒక దినమున అటక యెక్కక తప్పదు. అక్కడ ఏ తలుపుదో తెలియని తాళపుచెవి, ఏ బిందెదో తెలియని మూత, ఏ యంత్రమునుండి ఊడినదో తెలియని మరచీల కనబడును. ఇది దేనికని అడిగిన చెప్పగలవారుండరు. పారవేయుదునాయని అడిగిన ఔననువారును ఉండరు. తుదకు దానిని తుడిచి, మరల అక్కడనే పెట్టి దిగివచ్చుట లోకాచారము. ఉపయోగము కనబడని దానిని ఉంచుట ధర్మమా, తీసివేయుట ధర్మమా యను ప్రశ్న మాత్రము అటకతో తీరునది కాదు.

ఈ ప్రశ్న నేడు మన యువతీయువకులకు వృత్తిధర్మముగా ఎదురగుచున్నది. కర్నూలు, కడప సీమలనుండి బెంగుళూరునకును హైదరాబాదునకును పోయి సాఫ్ట్‌వేరు పనిలో ప్రవేశించినవారు అనేకులు. వారు దినమెల్ల క్రొత్త ప్రోగ్రాములు వ్రాయుచుందురని తల్లిదండ్రులు తలంతురు. నిజమునకు వారి కాలములో చాల భాగము ఇతరులు వ్రాసి విడిచిన కోడును చదువుటయందు గడచును. ప్రోగ్రామనగా యంత్రమునకు వ్రాసిన ఆజ్ఞల గ్రంథము. అందలి ఒక్కొక్క ప్రకరణమునకు ఫంక్షనని పేరు. వేఱొక ప్రకరణము పేరుపెట్టి పిలిచిననే అది నడచును. గ్రంథమును పరిశీలించుచుండగా ఎవరును పిలువని ఫంక్షనొకటి కనబడును. గ్రంథమున నున్నది, తప్పులేకుండ వ్రాయబడినది. కాని దాని గడప త్రొక్కువారు లేరు. ఇట్టిదానిని ఆ వృత్తివారు మృతమైన కోడందురు.

ఇది ఎవరి దుర్బుద్ధివలనను కలుగునది కాదు. ఒక వర్తకుడు సంక్రాంతికి తగ్గింపు ధర ప్రకటించెననుకొందము. దానికొక లెక్క వ్రాయబడెను. పండుగ గడచెను, తగ్గింపును చూపు బొత్తామును తెరమీదనుండి తీసివేసిరి, లెక్క లోపలనే నిలిచెను. వ్రాసిన యువతి వేఱు కొలువునకు పోయెను. పిమ్మట వచ్చినవాడు దానిని చూచెను గాని, తన పని అదికాదని ప్రక్కకు తొలగెను. ఇట్లు పదిమంది తొలగిపోవుటచే అది ప్రాతదగుటయేగాక పూజ్యముగూడ నగును.

కనుగొన్నవానికి సంకటమేమనగా, తీసివేసిన పిమ్మట ఏదైన చెడినచో నింద వానిమీద పడును. విడిచినచో, పదియేండ్లకు కలుగు హానికి వాని పేరెవరును తలపరు. కావున బుద్ధిమంతులనేకులు చూచియు చూడనట్లు పోవుదురు. ముట్టనివాడు నిర్దోషియను భావము మన మనస్సులలో గాఢముగా నాటుకొనియున్నది. అది సరియైనదేనా యని విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఉండనిమ్మనువారి వాదమును ముందు విందము. నడువనిది హాని చేయదనియు, అది ఆక్రమించు చోటు ఆవగింజంత యనియు వారందురు. ఈ వాదమునకు చరిత్రయే రెండు సమాధానములు చెప్పినది.

1996 జూన్ 4వ తేదీన ఐరోపావారి ఏరియాన్ 5 రాకెట్టు తన తొలి ప్రయాణమున, పైకి లేచిన 40 సెకండ్లలోపలనే దారితప్పి ముక్కలై నశించెను. విచారణ సంఘము కనుగొన్న కారణము విచిత్రమైనది. దిక్కును నిర్ణయించు పరికరమందలి ఒక లెక్క, రాకెట్టు నేలమీద నున్నంతసేపే అర్థముగలది. పాత ఏరియాన్ 4 సౌకర్యముకొరకు, లేచిన తరువాతను కొంతసేపు అది నడుచునట్లు ఏర్పరచియుండిరి. క్రొత్త రాకెట్టునకు ఆ యవసరము లేదు. అయినను పాతది బాగుగనే పనిచేసినదిగదా యని దానిని కదల్పలేదు. క్రొత్త రాకెట్టు అడ్డువేగము అధికమగుటచే, ఆ లెక్కలో వచ్చిన సంఖ్య తనకేర్పడిన చోటున పట్టక పొర్లెను. పరికరము ఆగిపోయెను; దానికి తోడుగా ఉంచిన రెండవ పరికరమును ఆ కారణముచేతనే ఆగెను. ప్రయోజనము లేని లెక్క ప్రయోజనమున్న రాకెట్టును కూల్చినది.

రెండవది మన ప్రశ్నకు ఇంకను సమీపమైనది. అమెరికాలో షేర్ల వ్యాపారముచేయు నైట్ క్యాపిటల్ అను సంస్థవారి ప్రోగ్రామున పవర్ పెగ్ అను పేరుగల భాగమొకటి 2003 మొదలు వాడుక తప్పియుండెను. దానిని తీసివేయలేదు. 2005లో, ఆ భాగము ఎంత కొన్నదో ఎంత అమ్మినదో చూచి ఆపవలసిన లెక్కను వేఱొక చోటికి మార్చిరి; మార్చిన పిమ్మట పాతభాగము సరిగా ఆగునో లేదో పరీక్షింపలేదు. 2012లో క్రొత్త పనికి పాత సంకేతమునే మరల వాడదలచిరి. క్రొత్త కోడును ఎనిమిది సర్వర్లలో చేర్పవలసియుండగా ఏడింట మాత్రమే చేర్చిరి. ఆగస్టు 1వ తేదీ ఉదయము బజారు తెరవగానే, ఎనిమిదవ యంత్రమున సంకేతము పాతభాగమును లేపెను. ఎక్కడ ఆగవలెనో చెప్పువారు లేనందున అది షేర్లను ఎడతెగక కొనుచు అమ్ముచు పోయెను. 45 నిమిషములలో ఆ సంస్థ పోగొట్టుకొన్నది 46 కోట్ల డాలర్లకు పైబడినది. తొమ్మిది సంవత్సరములు మృతమని అందఱును భావించినది నిద్రించుచుండెను.

కావున ఉంచుటయు ఒక కర్మయే. కర్మ వికర్మలతోపాటు అకర్మ స్వరూపమునుగూడ ఎరుగవలెనని గీతాచార్యుడు చెప్పిన హెచ్చరిక ఇట్టిచోటనే పనికివచ్చును.

ఇంతమాత్రముచేత తీసివేయుమనువారు గెలిచినట్లు కాదు. వారి వాదమున దాగిన దోషము వేఱు. దీని ఉపయోగము నాకు కనబడలేదు అని మొదలుపెట్టి, దీనికి ఉపయోగము లేదు అని ముగింతురు. ఈ రెండు వాక్యముల నడుమ ఒక అగడ్త యున్నది. దానిని వారు చూడక దాటుదురు.

మన సీమలో చెరువుకట్ట యెరుగనివారుండరు. కట్టకొక ప్రక్కన అలుగుండును, మరవయనియు అందురు. వరుసగా పదియేండ్లు వానలు లేక దానిమీదుగా చుక్కనీరు పొర్లకపోవచ్చును. అక్కడ మేకలు మేయును, పిల్లలు ఆటలాడుదురు. ఉపయోగమును పదియేండ్ల అనుభవముతో కొలుచువాడు దానిని మూసి కట్టను చక్కజేయుమనును. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి నదులు పొంగి కర్నూలు నగరము మునిగినది. 2021 నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, నాటి కడప జిల్లాలోని గ్రామములు కొట్టుకొనిపోయినవి. కరువు సీమకును వరద వచ్చునని ఈ రెండు సంవత్సరములును మనకు నేర్పినవి. నూరేండ్లకొకసారి పొర్లు అలుగు ఆ నూరేండ్లును ఉపయోగములో నున్నట్లే. ప్రోగ్రామునందును ఇట్టి భాగములుండును. బ్యాంకునుండి సొమ్ము కదలుచుండగా నడిమధ్య తీగ తెగినచో ఏమి చేయవలెనని చెప్పు ఆజ్ఞలు దినదినము నడువవు. అవి నడువకుండుటయే మన భాగ్యము. అవి లేకుండుట మన దౌర్భాగ్యము.

మఱియొక చిక్కు గలదు. ఏ ప్రోగ్రామునందైనను ఏ భాగము ఎన్నటికిని నడువదో తప్పక తేల్చిచెప్పు ఒకే పరీక్షను కల్పింప సాధ్యముకాదు. 1936లో అలన్ ట్యూరింగ్ అను ఆంగ్ల గణితజ్ఞుడు చేసిన నిరూపణమునుండి సిద్ధించు ఫలమిది. అనేక సందర్భములలో తేల్చవచ్చును. అన్ని సందర్భములకు చెల్లు యుక్తి మాత్రము లేదు. కావున వెదకు యంత్రము చెప్పిన మాటను సాక్ష్యముగా గ్రహింపవలెనుగాని తీర్పుగా గ్రహింపరాదు.

మన వైయాకరణులు ఈ ప్రశ్నను రెండువేల యేండ్ల క్రిందటనే ఎదుర్కొనిరి. పతంజలి మహాభాష్యపు మొదటి ఆహ్నికమున, లోకమున ఎవరును వాడని శబ్దములు కొన్ని శాస్త్రముచేత సిద్ధించుచున్నవిగదా, వానిని ఏల ఉంచవలెనని ఆక్షేపము వచ్చును. సమాధానము మూడు విధములుగా నడచును. వాడుక లేదనుచున్న నీవే ఆ శబ్దమును ఉచ్చరించుచున్నావని ఒకటి. శబ్దముల వాడుక నీ యూరికి పరిమితము కాదు, దేశాంతరములయందు వెదకితివా యని రెండవది. పోవుట యను అర్థముగల యొక క్రియ కాంబోజులయందే వాడుకలో నున్నదని ఉదాహరణమును చూపబడినది. నూరేండ్లు, వేయేండ్లు జరుగు దీర్ఘసత్రములను నేడెవరును చేయకున్నను యాజ్ఞికులు వాని విధులను బోధించుచునే యున్నారుగదా యని మూడవది. ఇందు రెండవ సమాధానము నేటి ప్రోగ్రాము వ్రాయువారికి కంఠస్థము కాదగినది. తన గ్రంథమున ఎవరును పిలువని ఫంక్షనును వేఱొక నగరమందలి వేఱొక ప్రోగ్రాము ప్రతిరాత్రియు పిలుచుచుండవచ్చును. మూడవ సమాధానమునందే మనము నిలిచి ఆలోచింపవలెను. అలుగును ఉంచుట ముందుచూపు. ఎన్నడును చేయదలపని సత్రమునకు సామగ్రిని ఇంటినిండ పేర్చుకొనుట ముందుచూపు కాదు. దానికి గ్రంథమందు చోటు చాలును.

పేరునకును పనికిని గల భేదము ఎఱుగుటకు మన కర్నూలు–కడప కాలువను చూడవలెను. సర్ ఆర్థర్ కాటను ఆలోచననుండి పుట్టిన ఈ కాలువను మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863 మొదలు 1870 ప్రాంతమువఱకు త్రవ్వించెను. సుంకేసుల యొద్ద తుంగభద్రనుండి బయలుదేరి, సుమారు 190 మైళ్లు నడచి, పెన్నా లోయలోనికి వచ్చు ఈ కాలువకు నాడు రెండు ప్రయోజనములు: పొలములకు నీరు, పడవలకు దారి. పడవలను ఎగువకు ఎక్కించుటకును దిగువకు దించుటకును లాకులు కట్టిరి. ఆశించిన రాబడి రాలేదు. 1882లో ప్రభుత్వము కాలువను కొనెను. కాలక్రమమున రైళ్లు వచ్చెను, పడవలు పోయెను, నీరు మాత్రము నిలిచెను. ఇప్పుడు లాకు మృతమా, సజీవమా? పడవలమీద పన్ను వసూలుచేయు పట్టిక ఏ కచేరిలోనైన నింకను అమలులో నున్నదనుకొన్నచో అది మృతము, తీసివేయవచ్చును. లాకుగోడ నీటిమట్టమును నిలుపుచున్నచో, లేదా ప్రక్కకట్టడపు పునాదికి ఆధారమైనచో, అది పేరు చచ్చి పని బ్రతికినది. దాని పేరు చదివి గునపమెత్తువాడు పొలము నెండబెట్టును.

కనుక నిరుపయోగమని తోచినవి మూడు తెగలు: నిజముగా మృతమైనవి, అరుదుగా మేల్కొనునవి, పేరు మరుగుపడి పని నిలిచినవి. వీనిని వేఱుపఱచుటయే కనుగొన్నవాని మొదటి ధర్మము. అందుకు వలసినది ఓపిక. పిలుచువారెవరని గ్రంథమంతయు వెదకవలెను. పొరుగు ప్రోగ్రాములవారిని అడుగవలెను. వ్రాసినవారు బ్రతికియున్నచో జాబు వ్రాయవలెను. ఆ భాగము నడచినచో తెలియునట్లు ఒక గుర్తు పెట్టి కాచియుండవలెను. కాచుట వారమో పక్షమో గాక, పని చక్రము ఒక చుట్టు తిరుగువఱకు. మార్చి నెలాఖరున మాత్రమే నడచు పద్దు మిగిలిన పదునొకండు నెలలు మౌనముగానే యుండును.

ఇంత చేసిన పిమ్మట మృతమని తేలినచో తీసివేయుటయే ధర్మము. ఇచ్చట కొందఱొక మధ్యమార్గము త్రొక్కుదురు: యంత్రము చదువకుండునట్లు కోడుకు ముందు గుర్తులు పెట్టి, అక్షరములను అక్కడనే యుంచుదురు. ఇది పీనుగును గడప దాటింపక గుడ్డ కప్పి నట్టింట నుంచుట వంటిది. తరువాత వచ్చువాడు అది ఏలనున్నదో తెలియక దాని చుట్టును తిరిగి నడచును. వీరి భయమునకు నేడు కారణములేదు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ సృష్టించిన గిట్ వంటి భాండాగారములు ప్రతి మార్పును తేదీతోను, చేసినవాని పేరుతోను, కారణముతోను భద్రపఱచుచున్నవి. తొలగించినదానిని ఎప్పుడు కావలసిన అప్పుడు తిరిగి తీసికొనవచ్చును. అందు తొలగించుట నశింపజేయుట కాదు. ఇంటినుండి గ్రంథాలయమునకు మార్చుట.

భాండాగారము లేనిచోట ధర్మము మారునని గూడ చెప్పవలెను. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను, చదువువారు లేక చెదలకు ఆహారమగుచున్న తాటాకు ప్రతులను వెదకి తెప్పించి, పండితులకు జీతములిచ్చి ప్రతులు వ్రాయించెను. పండితులనేకులు గణింపని వేమన పద్యములను 1829లో అచ్చొత్తించెను. ఆయన నివసించిన చోటున నేడు కడపలో ఆయన పేర గ్రంథాలయమున్నది. ఆనాడు వాడుకలేదని పారవేసిన ఆకునకు రెండవ ప్రతి లేదు. ప్రతి లేనిదానిని పారవేయుట మఱపు. ప్రతి యున్నదానిని పనిచోటునుండి తీయుట శుభ్రత.

అయితే ఈ భారమంతయు కనుగొన్నవానిదేనా? వ్రాసినవాని ఋణమును గలదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువుకట్టపై 1369 నాటి శాసనమున్నది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించి, తన దానమహిమను చెప్పుటతో తృప్తిపడలేదు. మంచి చెరువునకు వలసిన పండ్రెండు అంగములను, చెరువును చెఱచు ఆరు దోషములను, ఎందఱు పనివారు ఎంతకాలము పనిచేసిరో ఆ వివరమును శిలపై చెక్కించెను. ఆరున్నర శతాబ్దముల తరువాత కట్టపై నిలిచినవానికి ఏది ఎందుకున్నదో కట్టినవాడే చెప్పుచున్నాడు. ఏలయను మాటకు ఒక పంక్తియైన వ్రాయక కోడును విడిచిపోవువాడు, తరువాతివాని కాలమును అప్పుగా తీసికొని చెల్లింపకపోయినవాడు.

ఈ విచారము యంత్రములతో ముగియునది కాదు. మన గృహములయందు ఎన్ని విధులు ఇట్లు పిలుపులేక పడియున్నవో చూడుడు. చదువుకొన్న యిండ్లలో పెద్దలు, మా యింట కులభేదము లేదందురు. అది అబద్ధము కాదు. భోజనమున, స్నేహమున, కచేరిలో ఆ విధిని ఎవరును పిలువరు. పిల్లలకు దాని పేరుగూడ తెలియదు. కాని దానిని విచారించి, తప్పని తేల్చి, ఇంటినుండి తీసివేసిన దినమొకటి లేదు. వాడుక తప్పినది, అంతే. ఒకనాడు కూతురు తాను వరించినవాని పేరు చెప్పును. ఆ పేరు పాత సంకేతమై, ఇరువదియేండ్లుగా నిద్రించిన విధిని లేపును. ఎన్నడును గట్టిగా మాటాడని తండ్రి నోట ఎవరివో మాటలు వచ్చును. తల్లి అన్నము మానును. ఎక్కడ ఆగవలెనో చెప్పు లెక్కను ఎన్నడో ఎవరో తీసివేసియుందురు గావున, అది ఆగదు. పిమ్మట తండ్రియే, ఇది నాలో నున్నదని నేనెరుగనని ఆశ్చర్యపడును. కట్నపు లెక్కయు ఇట్టిదే. కుమారుని పెండ్లిమాట వచ్చువఱకు అది ఏ యింటను లేదు.

సంస్కారమనగా చెడ్డదానిని వాడకుండుటయే యని మనము చాలకాలము భ్రమించితిమి. వాడకుండుట సగము పని. పిల్లలు వినుచుండగా దానిని బయటికి తెచ్చి, ఇది మన పూర్వులలో నుండెను, ఇందువలన ఇట్టి హాని కలిగెను, నేటినుండి ఇది మన యింట లేదు అని పలికినప్పుడే తక్కిన సగము నెరవేరును. చరిత్రలో దానికి చోటుండవలెను. నడచు గ్రంథమున ఉండరాదు. అట్లే, కారణము తెలియదను ఒక్క హేతువుచే ప్రతి యాచారమును త్రోసివేయు తొందర సంస్కారము కాదు. అందులో ఏది అలుగో ఎవరెఱుగుదురు?

ఒక హద్దు మాత్రము చెప్పక ముగింపరాదు. ఈ న్యాయము వస్తువులకును విధులకును చెల్లును, మనుష్యులకు చెల్లదు. పిల్లలు నగరములకు పోగా పల్లెయింటి అరుగుపై కూర్చున్న ముసలివారిని, ఎవరును పిలువరుగదా యని లెక్కనుండి తీసివేయు బుద్ధి మనలో పెరుగుచున్నది. ఫంక్షను పిలుచువారికొరకు పుట్టినది. మనుష్యుడు తనకొరకును పుట్టినవాడు. అతని విషయమున ఉపయోగమేమను ప్రశ్నయే అధర్మము.

తక్కిన అన్నిటియందును మన కర్తవ్యము స్పష్టము. నిరుపయోగమని తోచినదానిని చూచిన క్షణముననే చూచినవాడు దానికి బాధ్యుడగును. చూడకముందు అది వ్రాసినవానిది. చూచిన తరువాత వానిది. తెలిసికొని ఉంచవచ్చును, తెలిసికొని తీయవచ్చును. తెలిసికొనక విడిచి, చేతికి మట్టి అంటలేదుగదా యని తృప్తిపడు స్వాతంత్ర్యము మాత్రము వానికి లేదు.